కరెంటు పోయినప్పటి మాటలు

అత్తగారు పోయారు. ఇల్లు అమ్ముడుపోయింది. అన్నదమ్ములిద్దరూ ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. అయినా ఆ ఇద్దరి వరస మాత్రం మారలేదు. ఒకామె పెద్దకోడలు, ఒకామె చిన్నకోడలు. ఎవరి కోడళ్ళని అడిగితే వేలు పెట్టి చూపించడానికి ఇప్పుడు మనిషి లేదంతే.

చిన్నకోడలు ఒక ఊళ్ళో, మెట్ల కింద అద్దె గదిలో, కుట్టుమిషను పెట్టుకుని బతుకుతోంది. ప్యాంట్ల అంచులు మడవడం, తెగిన జిప్పులు మార్చడం, లావైన వాళ్ళ బట్టలు వదులు చేయడం, చిక్కిన వాళ్ళవి బిగించడం ఆమె పని. పెద్దకోడలు రైల్లో ఒక రాత్రీ మర్నాడు సగం పగలూ ప్రయాణం చేస్తే గానీ చేరలేనంత దూరంలో, కూతురి దగ్గర ఉంటోంది. ఈ ఇద్దరి మధ్యా ఒక వీడియో కాల్ ఉంది. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెడుతూ పెద్దకోడలు కాల్ చేస్తుంది. రాత్రి గిన్నెలు బోర్లించేదాకా దాన్ని ఎవరూ పెట్టేయరు.

అలాగని మాట్లాడుకుంటారా అంటే అదీ లేదు. అక్కడ ఫోను పంచదార డబ్బాకి ఆనుకుని ఉంటుంది, ఇక్కడ దారపు రీళ్ళ డబ్బాకి. అక్కడి కుళాయి చప్పుడు ఇక్కడికి వస్తుంది, ఇక్కడి మిషను చప్పుడు అక్కడికి పోతుంది. ఫోనులో కనిపించేది కూడా ఏమంత లేదు. కొంచెం గోడ, కొంచెం పొయ్యి, అప్పుడప్పుడూ పెద్దకోడలి భుజం. చిన్నకోడలికి ఆమె అక్క. పొయ్యి పక్కన ఒక ఇత్తడి గిన్నె, దాని మీద సరిపోని స్టీలు పళ్ళెం. చిన్నకోడలు సూదిలో దారం ఎక్కిస్తూ ఆ పళ్ళెం వైపు చూసేది, మళ్ళీ చూపు తిప్పుకునేది.

ఎందుకంటే ఆ గిన్నె మూత ఆమె దగ్గరే ఉంది.

ఇల్లు ఖాళీ చేసిన రోజున సామానుకి వ్యాన్ వచ్చింది. పెద్దకోడలి సామాను ముందు ఎక్కించారు. గిన్నె గోనెసంచిలోకి వెళ్ళిపోయింది. మూత తుడుస్తూ చిన్నకోడలు గుమ్మంలోకి వచ్చేసరికి అక్క డ్రైవరు పక్కన కూర్చుని ఉంది. ముఖం ఇటు లేదు. ఆగండి అనే మాట నోటిదాకా వచ్చి, అక్కడే ఉండిపోయింది. వ్యాన్ సందు మలుపు తిరిగింది. ఆ మూత ఇప్పుడు మిషను పైన అరలో, పాత పత్రికల వెనక, ఫోనుకి కనపడని చోట ఉంది.

ఇక మాటల సంగతి. ఆ ఇద్దరూ మాట్లాడుకోకపోవడం ఇవాళ్టి అలవాటు కాదు. ఉమ్మడి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అత్తగారి చెవులు వంటింటి గోడకి అటుపక్కనే ఉండేవి. కోడళ్ళిద్దరూ గుసగుసలాడితే ఇల్లు రెండు ముక్కలవుతుందని ఆమె గట్టి నమ్మకం. "ఏమిటే, ఏం మంతనాలు?" అని కుర్చీలోంచే కేకేసేది. ఆ కేక పడలేక ఇద్దరూ నోరు కట్టుకుని పనిచేయడం నేర్చుకున్నారు. ఒకరికి ఉప్పు కావాలంటే ఇంకొకరి చెయ్యి తనంతట తానే ఉప్పు డబ్బా మీదికి పోయేది.

కానీ కరెంటు పోయిందా, సంగతి వేరు. ఫ్యాన్లు ఆగగానే ఇంటిల్లిపాదీ విసనకర్రలు పట్టుకుని మేడమీదికి పోయేవాళ్ళు. పొయ్యి మీద ఉన్నది దించాలి కాబట్టి కోడళ్ళిద్దరూ కిందే ఉండిపోయేవాళ్ళు. కొవ్వొత్తి అలమరలోనే ఉండేది, అగ్గిపెట్టె మాత్రం ఎప్పుడూ చేతికి దొరికేది కాదు. ఆ చీకట్లో ఒకరి ముఖం ఒకరికి కనపడకుండా, కడుపులో ఉన్నదంతా చెప్పుకునేవాళ్ళు. అత్తగారి నడక అనుకరించి నవ్వుకున్నా అప్పుడే, చిన్నకోడలికి రెండోసారి కడుపు నిలవలేదని తెలిసినప్పుడు అక్క ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నా అప్పుడే. లైట్లు వెలిగితే మాట ఎక్కడిదక్కడ తెగిపోయేది. ఒకామె చేతిలో గరిటె, ఒకామె చేతిలో గుడ్డ. మొహాలు చూస్తే ఇద్దరూ ఆ క్షణానే పరిచయమైన వాళ్ళలా ఉండేవాళ్ళు.

ఫోనులో కూడా అదే జరుగుతోందని చిన్నకోడలు గమనించలేదు. మనిషి తన అలవాటుని తాను చూసుకోలేడు, వీపులాగా.

ఈ ఊళ్ళో కరెంటు తరచుగా పోతుంది. పోగానే గోడ మీది ఇంటర్నెట్ డబ్బా ఆరిపోయి కాల్ తెగుతుంది. మెట్ల కింద గది కాబట్టి మామూలు సిగ్నలు లోపలికి రాదు. మెట్ల మలుపుదాకా ఎక్కితే కాస్త వస్తుంది. మొదట్లో కాల్ తెగి, కరెంటు రాగానే ఇద్దరూ ఒకేసారి ఫోను చేసుకుని, ఇద్దరికీ బిజీ అని వచ్చి, అలిగి కూర్చునేవాళ్ళు. అందుకని అక్క ఒక ఒప్పందం పెట్టింది.

"తెగితే నేనే చేస్తాను. నువ్వు చెయ్యకు. నీకు ఆత్రం ఎక్కువ, నొక్కిందే నొక్కుతావు."

అప్పటినుంచీ తెగినప్పుడల్లా అక్కే చేస్తుంది. కరెంటు వచ్చి, డబ్బా మీద దీపాలు ఒక్కొక్కటే పచ్చగా మారి, ఫోను మోగుతుంది. అక్క మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"పోయిందా?"

"పోయింది."

"వచ్చిందా?"

"రాకపోతే నీతో ఎలా మాట్లాడుతున్నానమ్మా?"

"ఏమో, నీ నోటికి కరెంటు అక్కర్లేదుగా."

అలా మొదలై, మోకాళ్ళ నొప్పి, కూతురి కోపం, పాత ఇంటి పెరటి గోడ, చచ్చిపోయిన వాళ్ళ పిసినారితనం, అన్నీ దొర్లేవి. కాసేపటికి అక్క "సరే, పొయ్యి మీద మాడుతోంది" అనేది. మళ్ళీ కుళాయి చప్పుడు, మిషను చప్పుడు.

ఎండలు ముదిరాక వీధిలో తీగలు మార్చే పని పెట్టారు. ఇక కరెంటు ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో తెలియని స్థితి. కుట్టుమిషను కాలితో తొక్కేది కాబట్టి పని ఆగదు. ఆగేది కాల్ ఒక్కటే. ఫోను నల్లబడిన ప్రతిసారీ చిన్నకోడలికి ఒకటే భయం. ఈసారి తెగింది తెగినట్టే ఉండిపోతుందేమో, అక్క చెయ్యదేమో, అక్కకి ఏమైనా అయితే ఆ కబురు చెప్పడానికి ఈ గదిదాకా దారేది? వ్యాన్ మలుపు తిరిగిన రోజునుంచీ ఆమెకి ఏ తలుపు మూసుకున్నా అదే ఆఖరిసారేమో అనిపిస్తుంది.

అందుకని బజారుకి వెళ్ళి చేతిలో పట్టే చిన్న బ్యాటరీ పెట్టె ఒకటి తెచ్చుకుంది. కరెంటు పోయినా ఇంటర్నెట్ డబ్బాని నడిపిస్తుందని కొట్టువాడు చెప్పాడు. రెండు కొమ్ములున్న వైఫై డబ్బాకి తనే తగిలించుకుంది. మధ్యాహ్నం కరెంటు పోయింది. కొమ్ముల డబ్బా మీద దీపం పచ్చగా వెలుగుతూనే ఉంది. కాల్ మాత్రం తెగింది.

మెట్ల మలుపు ఎక్కి ఇంటర్నెట్ ఆయనకి ఫోను చేసింది. ఆయన నిచ్చెన మోసుకుని సాయంత్రం వచ్చాడు, చూసి నవ్వాడు.

"ఏమ్మా, కుళాయి తిప్పారు సరే, ట్యాంకులో నీళ్ళేవి?"

"నువ్వు కుళాయిల పని కూడా చేస్తావా నాయనా?"

"అదిగో, గోడ మీద ఆ తెల్ల డబ్బా చూశారా? వీధిలోంచి సన్నతీగ వచ్చేది దాంట్లోకి. అక్కణ్ణించే ఈ కొమ్ముల దాంట్లోకి వస్తుంది. మీరు కొమ్ముల దాన్ని మేలుకొలిపి, తెల్లదాన్ని నిద్రపుచ్చారు. రెండూ మేలుకోవాలి."

"మరి వీధి చివర స్తంభం మీద ఇంకో పెట్టె ఉందిగా. అది నిద్రపోతే?"

"దానికి మా బ్యాటరీ ఉంది. అది పడుకుంటే నన్ను తిట్టండి." ఆయన ఇంకో తీగ తెచ్చి, రెండు డబ్బాలకీ సరిపడేలా బ్యాటరీ పెట్టెకి బిగించాడు. "ఒక మాట. దీనికి ఫోను ఛార్జింగు పెట్టకండి, బల్లమీది ఫ్యాను పెట్టకండి. ఈ రెంటికే. మీ ఫోను కరెంటు ఉన్నప్పుడే నింపుకోండి. అప్పుడు పూటంతా పోయినా మీ లైను కదలదు."

"కదలదా?"

"కదిలితే అడగండి."

కదల్లేదు. మర్నాడు కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది, వీధిలో అందరూ ఉసూరుమంటూ బయటికొచ్చారు. ఫోనులో మాత్రం అక్క వంటింటి కుళాయి ధారగా కారుతూనే ఉంది. చిన్నకోడలికి సంతోషం పొంగింది.

"అక్కా, కరెంటు పోయింది."

"నువ్వు కనపడుతున్నావుగా."

"అదే చెప్తున్నా. బ్యాటరీ పెట్టించాను. ఇక తెగదు."

"మంచి పని చేశావు," అంది అక్క, అటు తిరిగి ఏదో తరుగుతూ.

అంతే. తర్వాత ఆ మాటా లేదు.

కొన్నాళ్ళు గడిచాయి. తీగల పని సాగుతూనే ఉంది, కరెంటు పోతూ వస్తూనే ఉంది, కాల్ మాత్రం రాయిలా నిలబడి ఉంది. ఒకరోజు ఎవరిదో పొడుగు చేతుల చొక్కాకి బొత్తాలు కుడుతూ ఉంటే చిన్నకోడలికి తన గొంతు తనకే గుర్తుకు రాలేదు. బట్టలిచ్చే వాళ్ళతో "ఎల్లుండి రండి" అనడం తప్ప, నోరు తెరిచి ఎన్నాళ్ళయింది? అక్క మోకాలు ఎలా ఉందో తెలియదు. ఫోను వైపు చూసింది. గోడ, పొయ్యి, ఇత్తడి గిన్నె, పళ్ళెం. "అక్కా" అని పిలుద్దామనుకుంది. పిలిచి ఏమనాలి? పట్టపగలు, ఫ్యాను తిరుగుతుండగా, ఊరికే పిలిచి మాట్లాడటం ఆ ఇద్దరికీ ఎప్పుడూ చేతకాలేదు. మళ్ళీ బొత్తాం మీదికి వంగింది.

ఆ మర్నాడు అక్క కూతురి గొంతు వినిపించింది. ఆ పిల్ల ఫోనుకి కనపడటం లేదు. పిన్ని వింటోందన్న ధ్యాస లేదు.

"అమ్మా, ఈ ఫోను ఎందుకు పొద్దస్తమానం అలా పెడతావు?"

"ఉండనీవే."

"పిన్నితో ఒక్క మాటైనా మాట్లాడవు కదా. నేను చూస్తూనే ఉన్నాగా. ఇంతకుముందైనా అప్పుడప్పుడూ నవ్వు వినిపించేది. నాకు ఆఫీసు నంబరుకి ఇంకో ఫోను కావాలి. ఆదివారం ఈ ఫోనే తీసేసుకుంటాను. కావాలంటే నా ఫోన్లోంచి వారానికోసారి మాట్లాడుదువుగాని."

చిన్నకోడలి కాలు మిషను మీద ఆగిపోయింది. అక్క ఏమంటుందోనని ఎదురు చూసింది. కుళాయి చప్పుడు ఆగింది. గిన్నె మీద పళ్ళెం జరిగిన చప్పుడు వచ్చింది.

"సరేలే," అంది అక్క.

వారానికోసారి. కూతురి ఫోన్లోంచి, కూతురు పక్కన కూర్చుని ఉండగా. అంటే బాగున్నావా, బాగున్నాను. చిన్నకోడలు చొక్కా పక్కన పెట్టి గోడ మీది రెండు డబ్బాల వైపు చూసింది. బుద్ధిమంతుల్లా పచ్చగా వెలుగుతున్నాయి. ఎప్పుడు నవ్వుకున్నారు తను, అక్క? ఆఖరిసారి ఎప్పుడు? వెనక్కి తవ్వుకుంటూ పోతే ఆ నవ్వు బ్యాటరీకి ముందే ఆగిపోయి దొరికింది. పాత ఇంటి వంటిల్లు, చీకటి, దొరకని అగ్గిపెట్టె, ఆ తర్వాత ఈ డబ్బా ఆరిపోవడాలు, "పోయిందా?" అన్న మాట. తన చేత్తో తనే తీగ బిగించి మరీ ఆ దారి మూసుకుంది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక లేచి, బ్యాటరీ పెట్టె వెనక బొత్తాం నొక్కింది. గోడ ప్లగ్గు కూడా పీకేసింది. పచ్చ దీపాలు ఆరిపోయాయి. ఫోనులో అక్క భుజం ఒక్క క్షణం గడ్డకట్టినట్టు ఆగి, మాయమైంది.

కాసేపు ఊరుకుని మళ్ళీ అన్నీ తగిలించింది. దీపాలు ఎరుపు, పసుపు, పచ్చ అయ్యాయి. ఫోను ముందు పెట్టుకుని కూర్చుంది.

మోగలేదు.

జిప్పు ఒకటి కుట్టింది. తిరగేసి కుట్టినట్టు చూసుకుని విప్పింది, మళ్ళీ కుట్టింది. వీధిలో తీగల వాళ్ళు టీ తాగడానికి దిగారు. బట్టలకోసం ఒకావిడ వచ్చి "ఏంటండీ, ఒంట్లో బాగాలేదా?" అని అడిగి, ప్యాంటు తీసుకుని వెళ్ళింది. ఫోను మోగలేదు. డబ్బా దీపాలు అన్నీ పచ్చగానే ఉన్నాయా అని లేచి చూసింది, ఉన్నాయి. అక్క కాలు జారి పడిందేమో. కూతురు ఆదివారందాకా ఆగకుండా ఇవాళే ఫోను తీసేసుకుందేమో. లేకపోతే, అక్క అసలు గమనించనే లేదేమో. అన్నిటికన్నా ఈ చివరిదే కష్టంగా ఉంది. పడినా లేపేవాళ్ళుంటారు. తెగిన సంగతే తెలియని మనిషికి ఎవరు చెప్తారు?

పొద్దు వాలింది. గదిలో లైటు వేసింది. చెయ్యకూడదన్న ఒప్పందం ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాటలేదు. ఫోను చేతిలోకి తీసుకుంది, పెట్టేసింది, మళ్ళీ తీసుకుంది.

చాలాసేపు మోగింది. ఆగిపోతుందనుకునేలోగా అక్క ముఖం వచ్చింది. అక్క వంటిల్లు లోపలి గది, పగలైనా లైటు ఉండాల్సిందే. ఆ లైటు కింద ముఖం పీక్కుపోయినట్టుంది.

"పోయిందా?" అని అడిగింది చిన్నకోడలే, ఏమనాలో తోచక.

"అది నేనడగాల్సిన మాట."

"పోయింది, ఇక్కడ."

"బ్యాటరీ ఉందిగా."

"అదీ దిగిపోయింది."

అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వే తీసేశావనుకున్నానే," అంది. "తెగదన్నావుగా. తెగనిది తెగిందంటే, ఎవరో తెంపినట్టేగా. మా పిల్ల అన్నది విన్నావేమో, ఎందుకొచ్చిన తద్దినం అని నువ్వే ముందు పెట్టేశావేమో అనుకున్నా. అందుకే చెయ్యలేదు."

చిన్నకోడలు ఒళ్ళోని దారప్పోగు ఏరింది.

"పోనీలే," అంది అక్క. తర్వాత ఫోనులోకి కళ్ళు చికిలించి చూసింది. "అవునూ, కరెంటు పోయిందన్నావు. నీ నెత్తి మీద లైటు వెలుగుతోంది కదే."

చిన్నకోడలు తలెత్తి చూసింది. బల్బు, దాని పక్కన నిక్షేపంగా తిరుగుతున్న ఫ్యాను. దొరికిపోయిన పిల్లలా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అక్క తిడుతుందనుకుంది. అత్తగారైతే ఊరంతా చెప్పేది.

"తీసెయ్," అంది అక్క.

"ఏంటి?"

"లైటు. తీసెయ్యి, ఎందుకూ దండగ. ఉండు, నాదీ తీసేస్తాను."

అక్క ఫోనులోంచి పక్కకి జరిగింది. స్విచ్చి చప్పుడైంది. గోడ, పొయ్యి, గిన్నె, అన్నీ చీకట్లో మునిగిపోయాయి. చిన్నకోడలు లేచి తన లైటు కూడా తీసేసింది. తడుముకుంటూ వచ్చి కూర్చుంది. అక్కణ్ణించి పీట జరిపిన చప్పుడు, మోకాళ్ళు పట్టుకుని కూర్చునేటప్పటి మూలుగు.

"ఊఁ, చెప్పు," అంది చీకట్లోంచి అక్క.

చాలా ఉంది చెప్పడానికి. దేనితో మొదలుపెట్టాలో తెలియక, ఎన్నో ఏళ్ళుగా నాలుక కింద ఉన్నదే ముందు వచ్చింది.

"అక్కా, ఆ మూత నా దగ్గరే ఉంది."

"ఏ మూత?"

"ఇత్తడి గిన్నె మూత. మీరు వ్యాన్ ఎక్కిన రోజున నా చేతిలో ఉండిపోయింది. నువ్వు రోజూ పళ్ళెం పెట్టుకుంటావే, దాని మూత."

"ఓ, అదా. అది ఎప్పుడో ఎక్కడో పోయిందనుకున్నా. దాని గురించి నేనసలు ఆలోచించనేలేదు," అంది అక్క మామూలుగా. "పళ్ళెం సరిపోతోందిలే."

"సరిపోవట్లేదు. ఒక పక్కకి జారుతోంది. నేను చూస్తూనే ఉన్నాగా."

"అయితే మా వంటింటి మీద కాపలా కాస్తున్నావన్నమాట. అత్తగారు పోయారనుకున్నా."

చిన్నకోడలికి నవ్వు వచ్చింది. ఆ వెనకే కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. చీకటి కాబట్టి తుడుచుకోలేదు. అక్క కూడా నవ్వింది, దగ్గు కలిసిన నవ్వు.

"పంపమంటావా?" అంది చిన్నకోడలు.

"పోస్టులో నుజ్జవుతుంది. నువ్వు వచ్చినప్పుడు తెద్దువుగానిలే."

వచ్చినప్పుడు. ఆ రైలెక్కే ఓపిక ఈమెకి లేదు, రమ్మనే ఇల్లు ఆమెది కాదు. ఇద్దరికీ తెలుసు. "అలాగే," అంది చిన్నకోడలు.

ఆ తర్వాత అక్క మోకాలి సంగతి చెప్పింది. అల్లుడు తన ముందే తలుపు దభాలున వేశాడని చెప్పింది, అందులో పెద్ద తప్పేమీ లేదని కూడా తనే చెప్పింది. చిన్నకోడలు తన కంటికి సూది బెజ్జం ఆనడం లేదని చెప్పింది. మాటల మధ్యలో అక్క వైపు తలుపు తెరుచుకుంది.

"ఏంటమ్మా, చీకట్లో కూర్చున్నావు? ఎవరితో నవ్వుతున్నావు?"

"పిన్నితో."

"లైటు వేసుకోవచ్చుగా."

లైటు వెలిగింది. అక్క నోరు టక్కున మూతపడింది. చిన్నకోడలి మాట కూడా సగంలోనే ఆగిపోయింది. కూతురు తల్లి ముఖం వైపు ఒకసారి, ఫోను వైపు ఒకసారి చూసింది. ఛార్జరు తీగ ఊడి ఉంటే తీసి ఫోనుకి గుచ్చి, వెళ్ళిపోయింది. ఆదివారం వచ్చింది, పోయింది. ఫోను పంచదార డబ్బాకి ఆనుకుని అక్కడే ఉంది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం. ఎండ గుమ్మం దాటి మిషను దాకా వచ్చింది. చిన్నకోడలు సూదిలో దారం ఎక్కించలేక కళ్ళకి దగ్గరగా, దూరంగా పెట్టి చూస్తోంది. ఫోనులో అక్క చేతులు కడుక్కుంది, తుడుచుకుంది. ఒక అడుగు పక్కకి వేసింది. స్విచ్చి చప్పుడైంది, వంటిల్లు నల్లబడింది.

"పోయిందా అక్కా?"

"పోయిందే," అంది అక్క.

వెనక ఫ్రిజ్జు సన్నగా రొద చేస్తోంది. చిన్నకోడలు ఆ మాట ఎత్తలేదు. ఈ గదిలో తీసేయడానికి లైటు కూడా లేదు, ఎండ ఇంత ఉంది. నల్లబడిన ఫోనులో, ఒక మూల, తన ముఖం ఒక్కటే చిన్నగా కనిపిస్తోంది. ఫోనుని బల్లమీద బోర్లించి, సూదీ దారం పక్కన పెట్టి, కళ్ళు మూసుకుంది.

"ఊఁ, చెప్పు," అంది.